మ్యాక్స్ బేర్

మ్యాక్స్ బేర్ (1909–1959) అమెరికాకు చెందిన హెవీవెయిట్ బాక్సర్, సినిమా నటుడు. పూర్తి పేరు మాక్సిమిలియన్ అడల్బర్ట్ బేర్. 1934 జూన్ 14న ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1935 జూన్ 13న, అంటే ఏడాది నిండడానికి ఒక్క రోజు ముందు, ఆ టైటిల్ పోగొట్టుకున్నాడు. 1933లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ తీసిన ఒక చిత్రంలో కథానాయకుడిగా మొదలుపెట్టి, చనిపోయే నాటికి సుమారు పాతికేళ్ల పాటు సినిమాల్లో, రేడియోలో, నాటకశాలల్లో, టెలివిజన్‌లో కనిపిస్తూనే ఉన్నాడు. కుడిచేతి దెబ్బ బలంలో అతని తరంలో అతనికి సాటి వచ్చేవారు తక్కువ. ఆ బలాన్ని సాధనతో పదును పెట్టుకునే ఓపిక అతనికి అంతకన్నా తక్కువ. బరిలో నవ్వులాటలకూ, అదే బరిలో జరిగిన ఒక మరణానికీ అతని పేరు సమానంగా ముడిపడి ఉంది. అతని జీవితకథను సినిమా రెండుసార్లు వాడుకుంది. మొదటిసారి అతనే నటించాడు, రెండోసారి వేరొకరు అతనుగా నటించారు. రెండుసార్లూ తెరమీది మనిషి అసలు మనిషి కన్నా క్రూరుడిగానే కనిపించాడు.

బాల్యం, యౌవనం

బేర్ 1909 ఫిబ్రవరి 11న నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో పుట్టాడు. తండ్రి జేకబ్ బేర్ పశుమాంస వ్యాపారి. తండ్రి వైపు జర్మన్ యూదు మూలాలు ఉన్నాయి. తల్లి డోరా స్కాటిష్-ఐరిష్ సంతతి. కుటుంబం కొంతకాలం కొలరాడోలోని డురాంగోలో ఉండి, తర్వాత కాలిఫోర్నియా చేరుకుంది. అక్కడ కూడా ఊళ్లు మారుతూ వచ్చి, చివరికి 1920ల రెండో సగంలో లివర్‌మోర్ దగ్గర ఒక పశుక్షేత్రాన్ని కౌలుకు తీసుకుని పందుల పెంపకం మొదలుపెట్టింది. మ్యాక్స్ భుజాల బలమంతా అక్కడ కళేబరాలు మోసి, గొడ్డలి పట్టి సంపాదించుకున్నదేనని అప్పటి పత్రికలు మళ్లీ మళ్లీ రాశాయి. ‘లివర్‌మోర్’ అన్న మాట అతని బిరుదుల్లో భాగమైంది.

ఆరడుగుల రెండున్నర అంగుళాల ఎత్తు, విశాలమైన ఛాతీ, నల్లని ఉంగరాల జుట్టు, చూడగానే ఆకట్టుకునే ముఖం. తమ్ముడు బడ్డీ బేర్ అన్నను మించి ఆరున్నర అడుగులు పెరిగాడు. అతనూ హెవీవెయిట్ బాక్సరే, తర్వాత అతనూ సినిమా నటుడే. యౌవనంలో మ్యాక్స్ ఓక్లండ్‌లోని ఒక డీజిల్ ఇంజన్ల కర్మాగారంలో పనిచేశాడు. ఆ కర్మాగారపు యజమాని కొడుకు హామిల్టన్ లోరిమర్ అతని మొదటి మేనేజరు. తర్వాత శాక్రమెంటోకు చెందిన ఆన్సిల్ హాఫ్‌మన్ ఆ బాధ్యత తీసుకుని చివరిదాకా నిలిచాడు. చేతికి వచ్చిన డబ్బు బేర్ దగ్గర నిలిచేది కాదు. రాబోయే సంపాదనలో వాటాలను ఆయనకింత, ఈయనకింత అని అమ్ముకుంటూ పోగా, అమ్మిన వాటాలన్నీ కలిపితే నూటికి నూరు దాటాయన్నది బాక్సింగ్ లోకంలో బాగా ప్రచారమైన కథ.

తొలి పోటీలు, కాంబెల్ మరణం

1929 మే 16న కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో బేర్ తొలి వృత్తి పోటీ ఆడి, రెండో రౌండ్‌లోనే ప్రత్యర్థిని పడగొట్టాడు. తర్వాత ఏడాదిలో పసిఫిక్ తీరంలో అతని పేరు మారుమోగింది. నైపుణ్యం పెద్దగా లేదు. చెయ్యిని దూరం నుంచి విసురుగా తిప్పి కొట్టేవాడు. ఎడమచెయ్యి బలహీనం, ఆత్మరక్షణ అంతంత మాత్రం. అయితే కుడిచేతి దెబ్బ ఒకటి సరిగా తగిలితే చాలు, పోటీ అక్కడితో ముగిసేది.

1930 ఆగస్టు 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాంకీ కాంబెల్‌తో తలపడ్డాడు. కాంబెల్ అసలు పేరు ఫ్రాన్సిస్కో కమిల్లి. తర్వాతి కాలంలో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో పేరు తెచ్చుకున్న బేస్‌బాల్ ఆటగాడు డాల్ఫ్ కమిల్లి ఇతని సోదరుడు. రెండో రౌండ్‌లో కాంబెల్ దెబ్బకు బేర్ నేలమీదికి జారాడు. అతను లేచే లోపు కాంబెల్ తాళ్ల వైపు తిరిగి జనానికి చెయ్యి ఊపుతున్నాడు. లేచి వచ్చిన బేర్ పక్కనుంచి అతని తలమీద కొట్టాడు. అయినా పోటీ ఆగలేదు. అయిదో రౌండ్‌లో తాళ్లకు ఆనుకుని ఉన్న కాంబెల్‌ను బేర్ వరుసగా కొడుతూ పోయాడు. వెనక తాళ్లు ఉండటం వల్ల కాంబెల్ పడిపోలేదు, పడకపోవడం వల్ల రిఫరీ ఆపలేదు. తీరా ఆపేసరికి అతనికి స్పృహ లేదు. మర్నాడు ఆసుపత్రిలో మరణించాడు. మెదడుకు తగిలిన గాయాలే కారణమని, దవడ మీద వరుసగా పడ్డ దెబ్బల వల్ల అవి ఏర్పడ్డాయని వైద్యులు తేల్చారు.

బేర్‌పై నరహత్య అభియోగం వచ్చింది. అతన్ని నిర్బంధించి, జామీనుపై వదిలారు. చివరికి అభియోగం నిలబడలేదు. కాలిఫోర్నియా బాక్సింగ్ కమిషన్ మాత్రం ఆ రాష్ట్రంలో ఏడాది పాటు ఆడరాదని నిషేధించింది. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు ఆనాటి బరి నిబంధనలను, రిఫరీ జాప్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ప్రత్యర్థి నిలబడి ఉన్నంతసేపు కొట్టమని నేర్పే ఆటలో, ఆపవలసిన బాధ్యత కొట్టేవాడిది కాదు. ఏదైనా, బేర్‌ను ఆ మరణం వదల్లేదు. అతను కాంబెల్ కుటుంబానికి డబ్బు సాయం చేశాడు. నిద్రలో ఉలిక్కిపడేవాడని, సిగరెట్లు అలవాటు చేసుకున్నాడని ఇంటివాళ్లు తర్వాత చెప్పారు. తర్వాతి ఆరు పోటీల్లో నాలుగు ఓడాడు. దెబ్బ వేయబోయి చివరి క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడని చూసినవాళ్లు అనుకున్నారు.

ఈ దశలోనే మాజీ ఛాంపియన్ జాక్ డెంప్సీ అతన్ని చేరదీశాడు. దెబ్బను దూరం నుంచి తిప్పి తెస్తే ఎదుటివాడికి ముందే తెలిసిపోతుందని, చెయ్యిని తక్కువ దూరంలో విసరమని నేర్పాడు. 1931 జూలై 4న నెవాడాలోని రెనోలో స్పెయిన్ బాక్సర్ పౌలినో ఉజ్కుడున్‌తో జరిగిన 20 రౌండ్ల పోటీకి డెంప్సీయే రిఫరీ. మండుటెండలో సాగిన ఆ పోటీలో బేర్ ఓడినా, ఆ ఏడాది రెండో సగం నుంచి గెలుపులు మొదలయ్యాయి. అదే నెలలో మూకీ సినిమాల నటి డొరతీ డన్‌బార్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లి రెండేళ్లలో విడాకులతో ముగిసింది.

1932 ఆగస్టు 31న షికాగోలో ఎర్నీ షాఫ్‌తో ఆడిన పోటీలో మరో చీకటి నీడ పడింది. 1930 డిసెంబరులో బేర్‌ను ఓడించినవాడు షాఫ్. ఈసారి పదో రౌండ్ చివరి క్షణాల్లో బేర్ కొట్టిన దెబ్బలకు అతను స్పృహ తప్పాడు. గంట మోగినందువల్ల సాంకేతికంగా నాకౌట్ కాలేదు, పాయింట్ల మీద బేర్ గెలిచినట్లు ప్రకటించారు. షాఫ్ తేరుకోవడానికి చాలా నిమిషాలు పట్టింది. 1933 ఫిబ్రవరి 10న అతను ఇటలీ బాక్సర్ ప్రిమో కార్నెరాతో ఆడి, 13వ రౌండ్‌లో పెద్ద బలంగా కనిపించని దెబ్బకు కుప్పకూలి, నాలుగు రోజుల తర్వాత చనిపోయాడు. అసలు గాయం బేర్ చేతిలో అయిందన్న మాట అప్పుడే పుట్టింది. పోటీకి ముందు షాఫ్‌కు తీవ్రమైన ఇన్ఫ్లూయెంజా వచ్చి తగ్గింది. శవపరీక్షలో మెదడు వాపు లక్షణాలు కనిపించాయి. కాబట్టి ఆ మరణాన్ని ఒక్కరి ఖాతాలో వేయడానికి ఆధారం చాలదు. కానీ పత్రికలకు అంత ఓపిక ఉండదు. ఇద్దరిని చంపిన చెయ్యి అన్న ముద్ర బేర్ మీద పడిపోయింది, అతని పోటీలకు టికెట్లు అమ్మడానికి కూడా పనికొచ్చింది.

ష్మెలింగ్‌తో పోటీ

1933 జూన్ 8న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో బేర్, జర్మనీకి చెందిన మాజీ ప్రపంచ ఛాంపియన్ మ్యాక్స్ ష్మెలింగ్‌తో తలపడ్డాడు. డెంప్సీ ఈ పోటీకి నిర్వాహకుడు. హిట్లర్ అధికారంలోకి వచ్చి అప్పటికి అయిదు నెలలైనా కాలేదు. జర్మనీలో యూదుల దుకాణాల బహిష్కరణ ఏప్రిల్‌లో జరిగింది. బేర్ యూదుల చిహ్నమైన దావీదు నక్షత్రం కుట్టిన నిక్కరుతో బరిలోకి దిగాడు. అతన్ని యూదుమతం ప్రకారం పెంచలేదు. ఆ నక్షత్రం నిజమైన ఆత్మీయతకు గుర్తా, టికెట్ల అమ్మకానికి మేనేజరు వేసిన ఎత్తా అన్న చర్చ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. రెండూ అయి ఉండవచ్చు. ఆ తర్వాత కూడా అతను ఆ గుర్తును వదల్లేదు.

సుమారు 60 వేల మంది చూస్తుండగా ష్మెలింగ్ మధ్య రౌండ్లలో పైచేయి సాధించాడు. పదో రౌండ్‌లో బేర్ కుడిచెయ్యి అతన్ని నేలకూల్చింది. లేచినా నిలదొక్కుకోలేకపోవడంతో రిఫరీ ఆర్థర్ డోనవన్ పోటీ ఆపేశాడు. ‘ద రింగ్’ పత్రిక దీన్ని ఆ ఏటి మేటి పోటీగా ఎంచింది. అమెరికా యూదులకు బేర్ రాత్రికి రాత్రి వీరుడయ్యాడు. ష్మెలింగ్‌ను నాజీ ప్రతినిధిగా చూడటం మాత్రం పూర్తి న్యాయం కాదు. అతను నాజీ పార్టీలో ఎన్నడూ చేరలేదు. అతని అమెరికా మేనేజరు జో జేకబ్స్ యూదుడే. 1938 నవంబరులో యూదులపై దాడులు జరిగినప్పుడు ఇద్దరు యూదు బాలురను తన గదిలో దాచి కాపాడాడు కూడా.

‘ద ప్రైజ్‌ఫైటర్ అండ్ ద లేడీ’

ష్మెలింగ్‌పై గెలుపు బేర్‌ను టైటిల్ పోటీ కన్నా ముందే హాలీవుడ్‌కు చేర్చింది. 1933లో ఎం.జి.ఎం. సంస్థ ‘ద ప్రైజ్‌ఫైటర్ అండ్ ద లేడీ’ చిత్రంలో అతన్ని కథానాయకుడిగా తీసుకుంది. డబ్ల్యూ.ఎస్. వాన్ డైక్ దర్శకుడు. మిర్నా లాయ్ నాయిక. ముసలి తాగుబోతు శిక్షకుడిగా వాల్టర్ హ్యూస్టన్ నటించాడు. ఫ్రాన్సెస్ మారియన్ రాసిన కథకు ఆస్కార్ నామినేషన్ దక్కింది. సారాదుకాణంలో గొడవలు చేసేవాళ్లను బయటికి నెట్టే ఒక యువకుడు బాక్సర్‌గా ఎదిగి, గ్యాంగ్‌స్టర్ ప్రియురాలైన గాయనిని పెళ్లాడి, పేరు రాగానే ఇతర స్త్రీల వెంట పడి ఆమెను పోగొట్టుకోవడం కథ. బేర్ ఇందులో దెబ్బలాడటమే కాదు, పాడాడు, నాట్యకత్తెల మధ్య అడుగులు కూడా వేశాడు. నటనలో శిక్షణ లేనివాడు కెమెరా ముందు ఇంత తేలిగ్గా మెలగడం విమర్శకులను ఆశ్చర్యపరిచింది. అసలు విషయం ఏమిటంటే అతనికి నటించవలసిన అవసరమే పెద్దగా రాలేదు. ఆ పాత్ర దాదాపు అతనే.

చిత్రం చివర ప్రపంచ ఛాంపియన్‌తో పోటీ ఉంది. ఆ ఛాంపియన్‌గా నటించినవాడు అప్పటి నిజమైన ఛాంపియన్ ప్రిమో కార్నెరాయే. డెంప్సీ రిఫరీ పాత్రలో కనిపిస్తాడు. మొదట రాసుకున్న కథలో కార్నెరా ఓడిపోవాలి. తెరమీదైనా ఓడిపోనని కార్నెరా పట్టుబట్టాడు. అతనికి ఇచ్చే డబ్బు పెంచి, ఫలితాన్ని సమానంగా ముగిసినట్లు మార్చారు. ఈ రాజీతో బేర్‌కు పెద్ద లాభమే కలిగింది. చిత్రీకరణ జరిగిన రోజుల్లో కార్నెరా పక్కనే ఉండి అతని కదలికలు, ఎడమచెయ్యి వాడే తీరు, తడబడే చోట్లు దగ్గరగా గమనించాడు. ఛాంపియన్ మీద ఇంత సావకాశంగా అధ్యయనం చేసే అవకాశం అంతకుముందు ఏ పోటీదారుకూ దక్కి ఉండదు.

1934 మార్చిలో నాజీ ప్రభుత్వం ఈ చిత్రాన్ని జర్మనీలో నిషేధించింది. కథానాయకుడు యూదు బాక్సర్ కావడమే కారణం.

ప్రపంచ ఛాంపియన్

1928లో జీన్ టన్నీ విరమించుకున్నాక హెవీవెయిట్ టైటిల్ ఎవరి దగ్గరా ఎక్కువ కాలం నిలవలేదు. ష్మెలింగ్, జాక్ షార్కీ, కార్నెరా వరుసగా దాన్ని అందుకుని పోగొట్టుకున్నారు. 1934 జూన్ 14న లాంగ్ ఐలండ్ సిటీలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ బౌల్ మైదానంలో బేర్, కార్నెరా నిజంగా తలపడ్డారు. కార్నెరా బరువు 119 కిలోలు, బేర్ బరువు 95 కిలోలు. పోటీ మొదటి రౌండ్‌లోనే కార్నెరా నేల కరిచాడు. పదకొండో రౌండ్‌లో రిఫరీ ఆపే లోపు అతను 11 సార్లు పడ్డాడన్నది ఎక్కువమంది ఇచ్చే లెక్క. జారిపడటాలను కూడా కలపాలా వద్దా అన్నదాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. పోటీ పొడుగునా బేర్ జనాన్ని నవ్విస్తూనే ఉన్నాడు. ఒకసారి ఇద్దరూ కలిసి నేలమీద పడితే, ముందు ఎవరు లేస్తారో చూద్దామని కార్నెరాతో హాస్యమాడాడు. చీలమండ దెబ్బతిన్నా లేచి నిలబడుతూ వచ్చిన కార్నెరా ధైర్యాన్ని అప్పుడు గుర్తించినవాళ్లు తక్కువ.

అదే రాత్రి అదే బరిలో, ప్రధాన పోటీకి ముందు, జేమ్స్ జె. బ్రాడక్ అనే బాక్సర్ కార్న్ గ్రిఫిన్‌ను మూడో రౌండ్‌లో ఓడించాడు. న్యూజెర్సీ రేవుల్లో మూటలు మోస్తూ, ఆర్థిక మాంద్యంలో ప్రభుత్వ సహాయంతో పిల్లల్ని పోషించుకుంటున్న బ్రాడక్‌ను అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ఛాంపియన్ అయ్యాక బేర్ ఏడాది పాటు టైటిల్‌ను పందెంలో పెట్టలేదు. రేడియో నాటకాలు, ప్రదర్శన పోటీలు, నాట్యశాలలు, పత్రికల్లో ఫోటోలు, నైట్ క్లబ్బులు, వీటితోనే గడిచింది. 1934 డిసెంబరులో షికాగోలో కింగ్ లెవిన్‌స్కీతో జరిగిన ప్రదర్శన పోటీలో మాత్రం ఒక్కసారిగా విజృంభించి రెండో రౌండ్‌లోనే అతన్ని పడగొట్టాడు. 1935 జూన్ 13న గార్డెన్ బౌల్‌లోనే బ్రాడక్‌తో టైటిల్ పోటీ. బ్రాడక్ గెలుపు మీద పందెం ఒకటికి పది. బేర్ సాధన సరిగా చేయలేదు. బరిలో ముఖాలు పెట్టాడు, దెబ్బ తగిలినప్పుడు కాళ్లు తడబడినట్లు నటించాడు. అతని చేతులకు అప్పటికే గాయాలున్నాయి. బ్రాడక్ మాత్రం ఎడమచేతి దెబ్బను వదలకుండా, తొందరపడకుండా పదిహేను రౌండ్లూ ఆడి పాయింట్ల మీద గెలిచాడు. హెవీవెయిట్ చరిత్రలో ఇది అనుకోని ఫలితాల్లో ఒకటిగా లెక్క. బేర్ దీన్ని పెద్ద విషాదంగా తీసుకున్నట్లు కనిపించలేదు. బ్రాడక్ కుటుంబానికి ఆ డబ్బు అవసరమని మంచి మాటే అన్నాడు. ఆ నెలాఖరులోనే మేరీ ఎలెన్ సల్లివన్‌ను పెళ్లి చేసుకున్నాడు. వారికి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు మ్యాక్స్ బేర్ జూనియర్.

మూడు నెలల తర్వాత, 1935 సెప్టెంబరు 24న, యాంకీ స్టేడియంలో జో లూయీతో పోటీ. 80 వేలకు పైగా జనం వచ్చారు, వసూళ్లు పది లక్షల డాలర్లు దాటాయి. అప్పటికి 21 ఏళ్ల లూయీ ఆ సాయంత్రమే పెళ్లి చేసుకుని పోటీకి వచ్చాడు. బేర్ మూలలో డెంప్సీ నిలబడి ధైర్యం చెబుతున్నాడు. లూయీ చిన్నచిన్న వరుస దెబ్బలకు బేర్ దగ్గర జవాబు లేకపోయింది. నాలుగో రౌండ్‌లో మోకాలి మీద కూర్చుని, రిఫరీ పది లెక్కపెట్టడం విన్నాడు. కావాలనే లేవలేదని విమర్శలు వచ్చాయి. కాంబెల్ ఏమయ్యాడో తన కళ్లతో చూసిన మనిషి అక్కడ లేవకపోవడాన్ని పిరికితనం అనడం తొందరపాటు.

చివరి పోటీలు

తర్వాత ఆరేళ్లు బేర్ ఆడుతూనే ఉన్నాడు. 1937లో లండన్ వెళ్లి వేల్స్ బాక్సర్ టామీ ఫార్ చేతిలో ఓడి, నెల దాటాక అక్కడే బెన్ ఫోర్డ్‌ను ఓడించాడు. 1938 మార్చిలో న్యూయార్క్‌లో ఫార్‌పై ప్రతీకారం తీర్చుకున్నాడు. 1939 జూన్ 1న యాంకీ స్టేడియంలో లూ నోవాతో ఆడిన పోటీ అమెరికాలో టెలివిజన్ ప్రసారమైన తొలి హెవీవెయిట్ పోటీ. బేర్ నోటినుంచి రక్తం ఆగకపోవడంతో పదకొండో రౌండ్‌లో దాన్ని ఆపేశారు. టీవీ సెట్లు అప్పటికి చాలా కొద్ది ఇళ్లలోనే ఉన్నాయి. 1940లో టోనీ గలెంటోను, పాట్ కామిస్కీని ఓడించి మళ్లీ ఆశలు రేపాడు. 1941 ఏప్రిల్ 4న నోవా చేతిలోనే ఎనిమిదో రౌండ్‌లో ఓడటంతో అతని బాక్సింగ్ జీవితం ముగిసింది. మొత్తం ఓటములు 13. గెలుపులు 65కు పైగా, వాటిలో నాకౌట్లు 50కి మించి ఉన్నాయి. తమ్ముడు బడ్డీ అదే ఏడాది మే నెలలో జో లూయీని మొదటి రౌండ్‌లో తాళ్ల మధ్యనుంచి బరి బయటికి పడగొట్టి సంచలనం సృష్టించాడు కానీ ఆ పోటీ గెలవలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అన్నదమ్ములిద్దరూ సైనిక వైమానిక దళంలో చేరి, సైనికులకు వ్యాయామ శిక్షణ ఇచ్చారు.

తెరమీద రెండో జీవితం

బరి నుంచి తెరమీదికి వచ్చినవాళ్లలో బేర్ మొదటివాడు కాదు. అతను పుట్టిన మరుసటి నెలలో, 1909 మార్చిలో, కెనడాలోని వాంకూవర్‌లో జాక్ జాన్సన్‌తో తలపడిన విక్టర్ మెక్‌లాగ్లెన్ 1935 నాటి ‘ది ఇన్ఫార్మర్’ చిత్రానికి ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. ఆ స్థాయి నటన బేర్ దగ్గర లేదు, దాన్ని అందుకోవాలన్న పట్టుదలా లేదు. 1933లో నాయకుడిగా మొదలైనవాడు 1940లలో సహాయ పాత్రల్లోకి జారాడు. ‘ద నేవీ కమ్స్ త్రూ’ (1942), బేస్‌బాల్ హాస్యచిత్రం ‘లేడీస్ డే’ (1943), కౌబాయ్ చిత్రం ‘బక్‌స్కిన్ ఫ్రాంటియర్’ (1943) అలాంటివి. ‘ఆఫ్రికా స్క్రీమ్స్’ (1949)లో హాస్యజంట ఆబట్, కాస్టెల్లో పక్కన బేర్ సోదరులిద్దరూ కలిసి కనిపిస్తారు. ఈ జాబితాలో గుర్తుంచుకోదగ్గ నటన పెద్దగా లేదు.

హాస్యంలో మాత్రం అతనికి సహజమైన నేర్పు ఉంది. మాజీ లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ మ్యాక్సీ రోజెన్‌బ్లూమ్‌తో జట్టుకట్టి నైట్ క్లబ్బుల్లో హాస్య ప్రదర్శనలు ఇచ్చాడు. ఇద్దరూ కలిసి కొలంబియా సంస్థకు కొన్ని పొట్టి హాస్యచిత్రాలు చేశారు. కౌబాయ్ సినిమాలను వెక్కిరిస్తూ తీసిన ‘స్కిప్‌ఎలాంగ్ రోజెన్‌బ్లూమ్’ (1951)లో రోజెన్‌బ్లూమ్ నాయకుడు, బేర్ ప్రతినాయకుడు. బడ్డీ బేర్ సినిమాల విషయంలో అన్నను దాటాడనవచ్చు. ‘క్వో వాడిస్’ (1951)లో ఎద్దుతో పోరాడే ఉర్సుస్ పాత్ర అతనిదే.

బేర్ నటజీవితంలో నిలిచిపోయే ఏడాది 1956. ఆ సంవత్సరం విడుదలైన ‘ద హార్డర్ దే ఫాల్’ హంఫ్రీ బోగార్ట్ చివరి చిత్రం. బడ్ షుల్బర్గ్ నవల ఆధారంగా మార్క్ రాబ్సన్ దీనికి దర్శకత్వం వహించాడు. దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఒక అమాయక భారీకాయుణ్ణి, ముందే కుదుర్చుకున్న పోటీలతో గెలిపిస్తూ పెద్దవాణ్ణి చేసి, చివరికి నిజమైన ఛాంపియన్ ముందుకు తోసి, వచ్చిన డబ్బంతా గ్యాంగ్‌స్టర్లే మింగేయడం కథ. అది కార్నెరా కథేనని బాక్సింగ్ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కార్నెరా ఆ చిత్రాన్ని తీసిన కొలంబియా సంస్థపై 15 లక్షల డాలర్లకు దావా వేసి ఓడిపోయాడు.

ఆ ఛాంపియన్ బడ్డీ బ్రానెన్ పాత్రలో బేర్ నటించాడు. చిత్రంలో గస్ డండీ అనే బాక్సర్ మొదట బ్రానెన్ చేతిలో చావుదెబ్బలు తిని, తర్వాత ఆ భారీకాయుడితో ఆడి చనిపోతాడు. షాఫ్ కథ అక్షరాలా ఇదే. వాణ్ణి చంపింది నేను, పేరు మాత్రం ఆ మొద్దుకు వచ్చిందని బ్రానెన్ కోపంతో ఊగిపోతాడు. షాఫ్ విషయంలో ఇరవై మూడేళ్లుగా నిందను మోస్తున్న మనిషికి ఆ నిందనే గొప్పగా చెప్పుకునే పాత్ర ఇచ్చారన్నమాట. డండీగా నటించిన పాట్ కామిస్కీ 1940లో నిజంగానే బేర్ చేతిలో మొదటి రౌండ్‌లో ఓడినవాడు. బేర్ ఈ పాత్ర ఎందుకు ఒప్పుకున్నాడన్నది ఎవరికి తోచినట్లు వాళ్లు ఊహించుకోవచ్చు. నటుడిగా మాత్రం ఇదే అతని ఉత్తమమైన పని. చూపులో నవ్వు లేకుండా, గొంతు పెంచకుండా చేశాడు.

అదే ఏడాది అక్టోబరు 11న సి.బి.ఎస్. టెలివిజన్‌లో ‘ప్లేహౌస్ 90’ కార్యక్రమం కింద రాడ్ సెర్లింగ్ రాసిన ‘రెక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్’ నాటకం ప్రత్యక్ష ప్రసారమైంది. జాక్ పాలన్స్ ప్రధాన పాత్ర ధరించాడు. వృత్తి ముగిసిన బాక్సర్ బతుకు గురించిన ఆ నాటకంలో బేర్, రోజెన్‌బ్లూమ్ ఇద్దరికీ చిన్న పాత్రలు దక్కాయి. తర్వాత ‘యూటా బ్లెయిన్’ (1957), ‘వన్స్ అపాన్ ఎ హార్స్’ (1958) చిత్రాల్లో కనిపించాడు.

మరణం, తర్వాతి పేరు

1959 నవంబరు 18న అరిజోనాలోని ఫీనిక్స్‌లో టెలివిజన్‌లో ప్రసారమైన ఒక పోటీకి బేర్ రిఫరీగా వ్యవహరించాడు. వాణిజ్య ప్రకటనల పని మీద అక్కడినుంచి లాస్ ఏంజెల్స్ వచ్చి హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్‌లో దిగాడు. 21వ తేదీ ఉదయం గడ్డం గీసుకుంటుండగా ఛాతీలో నొప్పి వచ్చింది. డాక్టరు కోసం ఫోన్ చేసి, ఆ ఫోన్లో కూడా ఏదో హాస్యమాడాడని చెబుతారు. డాక్టరు వచ్చాక కొద్దిసేపటికే గుండెపోటుతో చనిపోయాడు. వయసు 50. శాక్రమెంటోలో అంత్యక్రియలకు పెద్ద సంఖ్యలో జనం వచ్చారు. శవపేటిక మోసినవాళ్లలో డెంప్సీ, జో లూయీ ఉన్నారు.

1995లో బేర్‌కు అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ‘ద రింగ్’ పత్రిక 2003లో ప్రకటించిన చరిత్రలోని బలంగా కొట్టే వందమంది మేటి బాక్సర్ల జాబితాలో అతనిది 22వ స్థానం. కొడుకు మ్యాక్స్ బేర్ జూనియర్ నటుడయ్యాడు. 1962 నుంచి 1971 వరకు సాగిన ‘ద బెవర్లీ హిల్‌బిల్లీస్’ టీవీ ధారావాహికలో జెత్రో పాత్రతో తండ్రికన్నా ఎక్కువ ఇళ్లకు పరిచయమయ్యాడు.

2005లో రాన్ హోవర్డ్ దర్శకత్వంలో బ్రాడక్ జీవితంపై ‘సిండ్రెల్లా మ్యాన్’ చిత్రం వచ్చింది. రసెల్ క్రో బ్రాడక్‌గా, క్రేగ్ బీర్కో బేర్‌గా నటించారు. అందులో బేర్ ఇద్దర్ని చంపినందుకు గర్వపడే దుర్మార్గుడు. బ్రాడక్ భార్యను కూడా వెక్కిరిస్తాడు. పేదవాడి గెలుపు కథకు రాక్షసుడు ఒకడు కావాలి కాబట్టి ఈ పని చేశారనుకోవచ్చు, కానీ అది నిజం కాదు. జూనియర్ బహిరంగంగానే దీన్ని ఖండించాడు. బేర్ సాధన ఎగ్గొట్టాడు, డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టాడు, తన ప్రతిభలో సగమైనా వాడుకోలేదు. ఈ ఆరోపణలన్నీ నిలుస్తాయి. రక్తదాహం ఉన్నవాడన్న ఆరోపణ ఒక్కటి నిలవదు. లివర్‌మోర్‌లోనూ శాక్రమెంటోలోనూ అతని పేరుతో పార్కులు ఉన్నాయి. అతను సభ్యుడిగా ఉన్న ఈగిల్స్ సేవాసంఘం హృద్రోగ పరిశోధనల కోసం నెలకొల్పిన నిధి కూడా అతని పేరు మీదే నడుస్తోంది.